పొగలేని మందు - వేసవి వేడి

జక్రాన్‌పల్లి ప్రాంతమున మొక్కజొన్న కంకి పాలుపోసుకొను వేళ అడవిపందుల బెడద ఎట్టిదో రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. పంట కాపుదలకై లైసెన్సు పొందిన తుపాకి ఉన్న ఇంట, ఏనాడో కొన్న తూటాలును నాలుగు ఉండును. వానిలోని మందు ఎంతకాలము నిలుచును?

తుపాకి మందులు రెండు విధములు. సురేకారము, గంధకము, బొగ్గు కలిపినది పాతది. (రంగునుబట్టి నల్లమందు అందమన్న, ఆ పేరు అభిని ముందే కాజేసినది!) నిప్పు మాట అటుంచి, దీనికి శత్రువు తేమ. పొడిగా ఉంచినచో తరములు గడచినను పనిచేయును.

పొగలేని మందు వేరు జాతిది. 1884లో పాల్ వియే అను ఫ్రెంచి రసాయనికుడు దీనిని సిద్ధపరచెను. దూదివంటి పదార్థమును ఆమ్లములతో మార్చగా వచ్చిన నైట్రోసెల్యులోసు దీనికి మూలము. పుట్టిన నాటినుండియు అది మెల్లగా విచ్ఛిన్నమగుచునే యుండును. అప్పుడు వెలువడు నత్రజని ఆక్సైడులు మిగిలిన మందును మరింత త్వరగా చెరచును. 1907లో ఈయెనా, 1911లో లిబెర్తే అను ఫ్రెంచి యుద్ధనౌకలు తూలోన్ రేవులో ప్రేలిపోయి వందలకొలది జనులు మరణించిరి. నిలువయున్న మందు చెడి తనంత తానే అంటుకొనుటయే కారణమని భావించిరి.

అందువలన ఈ మందులో డైఫినైలమీను వంటి రక్షక ద్రవ్యమును కలుపుదురు. అది ఆ వాయువులను పుట్టినవి పుట్టినట్లు పట్టివేయును. అది ఉన్నంతకాలమే మందునకు క్షేమము. చల్లని గదిలో దశాబ్దములు నిలువగల మందు వేడిలో చాల ముందుగా చెడును. పది డిగ్రీలు పెరిగినచో చెడు వేగము రెట్టింపునకు మించవచ్చును. నిజామాబాదు వేసవిలో నీడపట్టుననే 45 డిగ్రీలు చూచుచున్నాము. ఇక రేకుల కప్పు క్రింది అటక మాట చెప్పవలెనా? తూటాలను దాచుటకు అంతకన్న చెడ్డ తావు లేదు.

బోధన్ వారు చెరకు పిప్పి కుప్పలను ఎరుగుదురు. పైకి చల్లగానున్నను కుప్ప లోపల వేడి పుట్టును. అది బయటపడు దారిలేక ఒక్కొక్కప్పుడు అంటుకొనును. చెడిన మందు పెద్ద మొత్తమున ఒకచోట ఉన్నచో ఇట్లే జరుగును.

అనుమతి పొంది తూటాలు నింపుకొను క్రీడాకారులు విడిమందును తయారీదారు ఇచ్చిన డబ్బాలోనే, ఎండ సోకని పొడిగదిలో, పొయ్యికి దూరముగా ఉంచవలెను. గాజుసీసా పనికిరాదు. గట్టి ఇనుప పెట్టెలో బిగించుటయు తగదు. నిప్పంటుకొన్నచో వాయువు వెలికి రాలేక పెట్టెయే బాంబగును. మూత తీయగానే ముక్కు మండించు పుల్లని వాసన, ఎర్రని పొగ, తుప్పువంటి ధూళి కనబడినచో ఆ మందు చెడినదే.

అనుమతి లేనివారు తూటాలు తయారుచేయుట 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము నేరము. మరియొక ప్రమాదమున్నది. పాతమందు పోసి కూరవలసిన నాటు తుపాకిలో పొగలేని మందు పోసినచో గొట్టము పగిలి, కాల్చినవాని చేతికే ముప్పు వచ్చును.

ఇంట నున్న తూటాల ఇత్తడి పచ్చబారినను, తూటా ఉబ్బినను వానిని కాల్చి పరీక్షింపరాదు. బావిలో వేయరాదు, పాతిపెట్టరాదు. పోలీసు ఠాణాకు కబురుచేయుడు. లైసెన్సు పుస్తకము వెంట ఉంచుకొనుడు.