షష్టిపూర్తికి ఫోటోల వీడియో

ఈమధ్య ఏ ఫంక్షన్ హాలుకి వెళ్ళినా వేదిక పక్కన పెద్ద తెర ఒకటి కనిపిస్తోంది. షష్టిపూర్తి అయితే దంపతుల చిన్ననాటి ఫోటోల దగ్గర్నించి మనవల ఫోటోల దాకా, వెనకాల పాటతో వరసగా వస్తుంటాయి. దీన్నే స్లైడ్ షో అంటున్నారు. మా పిల్లలు సెల్‌ఫోన్‌లో గంటలో చేసేస్తారండీ అంటారు మీరు. నిజమే, చివర్న అన్నీ కలిపి కూర్చడం గంట పనే. పప్పు నానబోసి రుబ్బినవాళ్ళుంటే గారెలు వండడం మాత్రం ఎంతసేపు? ఆ రుబ్బే పని మనది. ఫోటోలు వెతకడం, ఏరడం, అందులో వున్నవాళ్ళు ఎవరో తెలుసుకోవడం, పాట ఎంచడం. దీనికి రెండు నెలలు ముందుగా కూర్చోవాలి.

ఫోటోలన్నీ ఒక్కచోట వుండవు. బీరువా అడుగున కొన్ని, ట్రంకుపెట్టెలో పెళ్ళి శుభలేఖల మధ్య కొన్ని, గోడ మీద ఫ్రేముల్లో కొన్ని. పుట్టింటి ఫోటోలు సగం ఆడపడుచులతోపాటే వాళ్ళ అత్తవారిళ్ళకి వెళ్ళిపోయి వుంటాయి. వాళ్ళని అడగండి. వాట్సాప్‌లో పంపేవాళ్ళని ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి. మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి, పెద్ద తెర మీద మొహాలు అలికేసినట్లుంటాయి.

పాత ఆల్బముల్లో నల్ల అట్టకి మూలల్లో కాగితం కోణాలు పెట్టి బిగించినవి మంచివి, సులువుగా ఊడి వస్తాయి. ఆ తర్వాత వచ్చిన జిగురు పేజీలూ, పైన ప్లాస్టిక్ కాగితమూ వున్న ఆల్బములతోనే తంటా. ఆ జిగురు ఎండి, పచ్చబడి, ఫోటోని పట్టేసుకుంటుంది. గోటితో లాగారో, మధ్యకి చిరుగుతుంది. పళ్ళ సందుల్లో వాడే ఫ్లాస్ దారం మందుల షాపులో దొరుకుతుంది. దాన్ని ఫోటో వెనకగా నెమ్మదిగా రంపంలా ఆడిస్తే చాలామటుకు వస్తుంది. రానిదాన్ని అలాగే వుంచి, పేజీ మీదే ఫోటో తీసుకోండి. ఫ్రేములో అద్దానికి అంటుకుపోయినదాన్నయితే అసలు కదిలించవద్దు. బూజు పట్టినవాటిని తడిగుడ్డతో తుడవకండి, మెత్తని పొడి బ్రష్షు చాలు.

ఫోనుతో తీసేటప్పుడు కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట బల్ల మీద ఫోటో పెట్టి, ఫ్లాష్ ఆపేసి, ఫోను వాలకుండా సరిగ్గా పైనుంచి పట్టుకోవాలి. స్కానరు అందుబాటులో వుంటే పోస్టుకార్డు సైజువి 300 డి.పి.ఐ.లో, పాస్‌పోర్టు సైజు బొమ్మలు 600లో చేయించండి. ముందువైపే కాదు, వెనకవైపు కూడా తియ్యండి. స్టూడియో ముద్ర, తేదీ, ఒక్కోసారి మామగారి చేతిరాత అక్కడే వుంటాయి.

ఇక అసలైన పని. ఒక నోటుపుస్తకం తీసుకుని, ప్రతి ఫోటోకీ నంబరిచ్చి, ఇంట్లో అందరికన్నా పెద్దావిడ పక్కన కూర్చోండి. మొన్న మా బావగారి షష్టిపూర్తికి మేము అలాగే కూర్చున్నాం. 1967లో తీయించిన స్టూడియో ఫోటో ఒకటుంది. మా అత్తగారు కుర్చీలో, ఒళ్ళో రెండేళ్ళ బావగారు, పక్కన రెండు జడలకి రిబ్బన్లు కట్టుకున్న ఆరేళ్ళ పిల్ల. పక్కింటి పిల్ల అయి వుంటుందని ఇన్నేళ్ళూ అందరూ అనుకుంటున్నారు. మామగారి చెల్లెలు, మేం చిన్నత్తగారంటాం, ఎనభై నాలుగేళ్ళు ఆవిడకి. ఫోటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, “పక్కింటి పిల్లేమిటే! మీ అత్తగారి పెద్దకూతురు. మరుసటేడు తట్టు పోసి పోయింది” అన్నారు. పేరు కూడా చెప్పారు. మా అత్తగారు ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. తనకొక అక్క వుండేదని బావగారికి అరవయ్యో ఏట తెలిసింది. చిన్నత్తగారిని అడక్కపోతే ఆ పిల్ల పక్కింటి పిల్లగానే వుండిపోయేది.

శుభకార్యంలో పోయినవాళ్ళ బొమ్మలేమిటని మా ఇంట్లోనూ ఒకరిద్దరు అన్నారు. నేనొప్పుకోను. నాందిలో పితృదేవతల్ని తలుచుకోకుండా మనకి ఏ శుభకార్యం జరుగుతోంది గనక? కాకపోతే దండ వేసిన ఫోటో కాక, వాళ్ళు నవ్వుతూ తిరిగిన రోజుల ఫోటో వెయ్యండి. మేము ఆ పిల్ల ఫోటో పేరుతో సహా వేశాం. అలాగే, విడాకులు తీసుకున్న కోడలు గ్రూపు ఫోటోలో వుంటే కత్తెర పట్టుకోకండి. వెయ్యాలో వద్దో, ఆ బాధపడ్డవాళ్ళని ముందు ఒక్కమాట అడగండి.

ఎన్ని ఫోటోలు కావాలి? ఒక్కొక్కటి ఆరు సెకండ్లుంటే, నాలుగు నిమిషాల పాటకి నలభై సరిపోతాయి. గ్రూపు ఫోటోకి ఎనిమిది సెకండ్లివ్వాలి, మొహాలు వెతుక్కుంటారు కదా. మొత్తం ఎనిమిది నిమిషాలు దాటితే అతిథుల కళ్ళు భోజనాల వైపు తిరుగుతాయి. ఒకే తిరుపతి యాత్రవి పదిహేను వెయ్యకండి, ఒకటి చాలు. ఆడవాళ్ళ ఫోటోలు తక్కువగా వుంటాయి, ఆ సమయానికి వాళ్ళు వంటింట్లో వుంటారు కనక. పనిగట్టుకుని వెతికి వెయ్యండి.

టీవీ తెర అడ్డంగా వుంటుంది, మన పాత ఫోటోలు చాలావరకు నిలువు. తెరకి సరిపెట్టాలని కత్తిరిస్తే తలలు పోతాయి. రెండు నిలువు ఫోటోల్ని పక్కపక్కన పెట్టించండి. పేర్లు తెలుగులో వేయిస్తే ఒకసారి చదివి చూడండి. కొన్ని యాప్‌లలో వత్తులు విడిపోయి ‘కృష్ణ’ కాస్తా మరేదో అవుతుంది. ఇప్పుడు నలుపు తెలుపు బొమ్మకి రంగులద్దే యాప్‌లూ వచ్చాయి. మా అత్తగారి చీర ఆవపిండి రంగని చిన్నత్తగారు చెబుతుంటే, యాప్ దానికి నీలం వేసింది. మసకబారిన మొహాన్ని బాగుచేస్తానని అది తనకి తోచిన కళ్ళూ ముక్కూ పెట్టేస్తుంది కూడా. అందంగానే వుంటుంది కాని, ఆవిడ మన అత్తగారు కారు. చీకటిగా వున్నదాన్ని కాస్త వెలుగు చెయ్యండి, అంతవరకే.

పాట సంగతి. పల్లవి బాగుందని సినిమాపాట పెట్టేస్తారు, మూడో చరణంలో ఎడబాటు వస్తుంది! మొదట్నించి చివరిదాకా విని మరీ ఎంచండి. హాల్లో ఎలాగూ అందరూ “అదుగో మన పెద్దన్నయ్య” అంటూ మాట్లాడుతుంటారు కనక మాటల్లేని వాద్యసంగీతం హాయి. చిట్టిబాబు గారి వీణ, షేక్ చిన మౌలానా గారి నాదస్వరం వున్నాయి. మోహన, కల్యాణి బాగుంటాయి. శుభపంతువరాళిలో శుభం పేరులోనే, వినడానికి విషాదం, వద్దు. పాట మధ్యలో ఠక్కున తెగకుండా, ఆఖరి ఫోటో దగ్గర మెల్లిగా తగ్గిపోయేట్టు చేయించండి. ఇంట్లో చూసుకోవడం వేరు, యూట్యూబులో పెట్టడం వేరు. అక్కడ హక్కుదారులుంటారు, పాట తీసేయడమో వీడియో ఆపేయడమో జరుగుతుంది.

అటక మీద పాత టేపు క్యాసెట్ ఏదైనా వుంటే మరిచిపోకండి. పెద్దవాళ్ళ గొంతు అర నిమిషం వినిపించినా ఏ పాటా దాని ముందు నిలవదు. ఏళ్ళ తరబడి కదలని టేపుని ప్లే చేసే ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పాలి.

తయారైన వీడియోని ఎం.పి.4గా రెండు పెన్‌డ్రైవుల్లో ఎక్కించి, ముందురోజు సాయంత్రమే హాలుకి తీసుకెళ్ళి ఆ తెర మీదే, ఆ స్పీకర్లతోనే ఒకసారి వేయించి చూడండి. ఇంటి టీవీలో ఆడింది అక్కడ ఆడకపోవచ్చు. నోటుపుస్తకంలోని పేర్లు మెత్తని పెన్సిలుతో ఫోటోల వెనక రాయండి, బాల్‌పెన్ను అచ్చు ముందుకి పడుతుంది. ఎవరింట్లోంచి తెచ్చినవి వాళ్ళకి, వాళ్ళు అడిగేదాకా వుంచుకోకుండా, వీడియో కాపీతో సహా ఇచ్చెయ్యండి.