విమాన టికెట్ ధరలో దాగిన రుసుములు – వినియోగదారుని సమ్మతి

తిరుమల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు నిర్ణీత తేదీకి, సమయానికి కట్టుబడి ఉంటుంది. ఆ తేదీని బట్టి రేణిగుంట విమానాశ్రయానికి టికెట్టు వెతికే యాత్రికునికి ప్రయాణం వాయిదా వేసుకొనే వెసులుబాటు తక్కువ. మొదటి తెరపై ఒక ధర చూపి, వివరాలన్నీ నమోదు చేయించాక, చెల్లింపు దశలో ‘కన్వీనియన్స్ ఫీజు’ వంటివి కలిపితే అతడు వెనుదిరగలేడు. ఈ పద్ధతిని ‘డ్రిప్ ప్రైసింగ్’ అంటారు.

అదనపు రుసుములన్నీ అన్యాయమైనవి కావు. సీటు ఎంపిక వంటి సేవలకు విడిగా వసూలు చేయడానికి పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ అనుమతించింది. అయితే ప్రయాణికుడు కోరుకుంటేనే వసూలు చేయాలి. కనుక రుసుము ఎంత అన్నదానికన్నా, అది ఎప్పుడు వెల్లడైంది అన్నదే కీలకం. పూర్తి ధర తెలియని సమ్మతి అసంపూర్ణమైనది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న జారీచేసిన మార్గదర్శకాలు 13 ‘డార్క్ ప్యాటర్న్’లను పేర్కొన్నాయి. డ్రిప్ ప్రైసింగ్, అడగని సేవను బుట్టలో చేర్చడం, బీమా వద్దన్నవారిని సిగ్గుపడేలా చేయడం వాటిలోనివే.

చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం విమాన సంస్థ కార్యాలయం ఎక్కడున్నా, చిత్తూరు నివాసి తన జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు మించకపోతే ఫిర్యాదు రుసుము లేదు. అయినా కొన్ని వందల రూపాయల కోసం కమిషన్ మెట్లెక్కేవారు అరుదు. పైగా మొదట చూపిన ధరకు సాక్ష్యం ఆ తెర చిత్రమే; దానిని భద్రపరచుకొనే భారం ప్రయాణికునిదే. మొదటి తెరపైనే పూర్తి ధర చూపితే ఆ భారం ఉండదు.