చంద్రగిరి మ్యూజియంలో చూసి గీద్దాం: పిల్లలకు బొమ్మలు నేర్పే తీరు

తిరుపతి, చిత్తూరు వైపు ఉండే మన కుటుంబాల్లో చంద్రగిరి కోట చూడనివాళ్లు తక్కువే. పొద్దున వెళ్తాం, నాలుగు సెల్ఫీలు దిగుతాం, తెచ్చుకున్న బిర్యానీ తిని సాయంత్రానికి ఇల్లు చేరతాం. ఈసారి వెళ్లేటప్పుడు పిల్లల చేతికి ఒక తెల్ల కాగితాల పుస్తకం, రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు ఇవ్వండి.

తిరుపతికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ కోటలోని రాజమహల్‌లోనే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. గుడిమల్లం, గండికోట, యాగంటి నుంచి తెచ్చిన శిల్పాలు అక్కడ పెట్టారు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, కాబట్టి జుమా రోజు ప్లాన్ చేసుకోవద్దు. పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ ఉండదు. కూర్చుని గీసుకుంటామని లోపలి సిబ్బందితో ముందే ఒక మాట చెప్పండి.

బొమ్మలు గీయొచ్చా అన్న ప్రశ్న మన ఇళ్లలో తప్పకుండా వస్తుంది. ప్రాణుల రూపాల విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి, అది మీ ఇంటి నిర్ణయం. కట్టడాలు, చెట్లు, పూలు, లతల దగ్గర సాధారణంగా ఆ పేచీ రాదు. నిజానికి నేర్చుకునేవాళ్లకు మొదటి పాఠం కూడా అక్కడే ఉంది. శిల్పం ముఖం జోలికి పోకుండా దాని పీఠం మీది తామర రేకులు గీసినా చెయ్యి తిరుగుతుంది.

అన్నిటికన్నా మంచి పాఠం రాజమహల్ ఆర్చి. విజయనగర రాజులు కట్టిన ఈ మూడంతస్తుల భవనంలో కలప వాడలేదు, అంతా రాయి, ఇటుక, సున్నమే. పైన గోపురాల్లాంటి శిఖరాలు, కింద దక్కన్ సుల్తానుల కట్టడాల్లో కనిపించే మొనదేలిన ఆర్చీలు. 1646లో ఈ కోట గోల్కొండ చేతికి వచ్చింది గానీ, ఆ కలయిక అంతకు ముందే గోడల్లోకి ఎక్కేసింది.

గీసే పద్ధతి ఇట్లా. చెయ్యి చాచి పెన్సిల్ అడ్డంగా పట్టుకుని, ఒక కన్ను మూసి, ఆర్చి వెడల్పు పెన్సిల్ మీద ఎంత వస్తుందో బొటనవేలితో గుర్తు పెట్టాలి. ఎత్తు దానికి ఎన్ని రెట్లు ఉందో చూడాలి. ముందు ఆ కొలతలో ఒక పెట్టె, మధ్యలో నిలువు గీత. వంపు ఎక్కడ మొదలవుతుందో రెండు పక్కలా చుక్క పెట్టి, తర్వాతే వంపు తిప్పాలి. వంపు కుదరకపోతే రాయిని వదిలేసి లోపలి ఖాళీ ఆకారాన్ని చూడమనండి. ఆ ఖాళీ సరిగ్గా వస్తే ఆర్చి దానంతట అదే వస్తుంది.

ఫోన్‌లో ఫోటో తీసుకుని ఇంట్లో గీస్తే చాలదా అంటారు. చాలదు. ఫోటోలో లోతును కెమెరా ముందే చదును చేసి పెడుతుంది. గోడ మందం, నీడ జరగడం కంటికే తెలుస్తాయి. మన ఊళ్లలో డ్రాయింగ్ క్లాసంటే చార్టు చూసి చార్టు గీయడమే అయిపోయింది, అందుకే పిల్లలకు అదే ఆపిల్, అదే కొండల మధ్య సూర్యుడు.

ఇంకో రోజు తిరుపతి నుంచి సుమారు 40 కిలోమీటర్లు వెళ్లి శ్రీకాళహస్తి కలంకారీ చూపించండి. కలం అన్న మాట అరబ్బీ, ఫార్సీల నుంచి వచ్చిందే. కారీ అంటే ఫార్సీలో పని. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద అక్కడివాళ్లు ముందు చింతపుల్లల బొగ్గుతో తేలిగ్గా గీస్తారు. ఆ గీత తప్పితే దులిపేయొచ్చు. తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసిన నల్ల రంగుతో వెదురు కలం కదిలాక మాత్రం సరిదిద్దడం కుదరదు. మన పిల్లలకూ ఇదే చెప్పాలి: మొదట పెన్సిల్ నొక్కకు, తేలిగ్గా వెతుకు.

“బొమ్మలు గీస్తే ఏమొస్తుంది, లెక్కలు చేసుకో” అనే అబ్బాజాన్‌లకు ఒక మాట. ఆర్కిటెక్చర్ చదవాలంటే రాసే నాటా పరీక్షలో డ్రాయింగ్ ఉంటుంది. కడపలో 2020 నుంచి డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఆడపిల్లలను దూరం పంపలేమనే ఇళ్లకు హైదరాబాద్ కన్నా అది దగ్గర.

మొదటి రోజు గంట చాలు, ఒక్క ఆర్చి చాలు. రబ్బరు తక్కువ వాడనివ్వండి. కాగితం కింద తేదీ వేయించి దాచండి. రెండు నెలల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు పాతది చూడకుండా అదే ఆర్చిని గీయమనండి, ఆ తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి.