సొంత సర్వర్‌లో సొంత వికీ

మీడియావికీ అనే సాఫ్ట్‌వేర్‌ను కోట్లమంది దాని పేరు కూడా తెలియకుండా వాడుతుంటారు. వికీపీడియా నడిచేది దాని మీదే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, దాని తోబుట్టువులైన వికీసోర్స్, విక్షనరీ కూడా అంతే. 2001 జనవరిలో పుట్టిన కొత్తలో వికీపీడియా పెర్ల్ భాషలో రాసిన ఒక చిన్న ప్రోగ్రాముతో నెట్టుకొచ్చింది. పాఠకులు పెరిగేకొద్దీ అది చాలలేదు. మాగ్నస్ మాన్స్కే అనే జర్మన్ విద్యార్థి పీహెచ్‌పీలో రాసిన ప్రోగ్రాము 2002 మొదట్లో దాని స్థానంలోకి వచ్చింది. అదే ఏడాది లీ డేనియల్ క్రాకర్ దాన్ని తిరగరాశారు. మీడియావికీ అన్న పేరు 2003లో స్థిరపడింది. జీపీఎల్ లైసెన్సు కింద ఉన్న ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా దించుకుని, సొంత సర్వర్‌లో పెట్టుకుని, సొంత వికీ నడుపుకోవచ్చు.

వికీపీడియా ఉండగా సొంత వికీ దేనికంటే, అక్కడ రాసే విషయానికి అంతకుముందే ప్రచురితమైన ఆధారం చూపాలి. ఊరి చెరువు ఎవరు తవ్వించారో పెద్దలు చెప్పిన మాట, ఇంటిపేర్ల వెనక కథలు, ఆ ప్రాంతంలో మాత్రమే వినిపించే మాటలు అక్కడ నిలవవు. గ్రంథాలయాలు, పూర్వ విద్యార్థుల సంఘాలు, విదేశాల్లోని తెలుగు సంఘాలు ఇలాంటివాటిని పదిమంది చేత రాయించి భద్రపరచాలనుకుంటే వికీ బాగా పనికొస్తుంది.

ఇలాంటి వెబ్‌సైటు వెనక నాలుగు ప్రోగ్రాములు పనిచేస్తాయి. అన్నిటికీ అడుగున లైనక్స్ ఉంటుంది. బయటి నుంచి వచ్చే ప్రతి కోరికనూ అందుకునేది వెబ్ సర్వర్, సాధారణంగా అపాచీ. అది ఆ కోరికను పీహెచ్‌పీకి అప్పగిస్తుంది. పీహెచ్‌పీ మీడియావికీ కోడును చదివి, కావలసిన వ్యాసాన్ని డేటాబేసు నుంచి తెప్పించి, పేజీగా కూర్చి తిరిగి పంపుతుంది. డేటాబేసు మై ఎస్‌క్యూఎల్ కావచ్చు, దాని నుంచి 2009లో చీలిన మరియా డీబీ కావచ్చు. రెండిటినీ మొదలుపెట్టిన మైకేల్ విడేనియస్ తన కూతుళ్ళు మై, మరియాల పేర్లనే వాటికి పెట్టారు. ఈ నాలుగు ప్రోగ్రాముల జట్టుకు ‘లాంప్’ అని పేరు. రాస్మస్ లెర్డార్ఫ్ 1994లో తన సొంత వెబ్ పేజీ కోసం రాసుకున్న పనిముట్ల నుంచి పుట్టిన పీహెచ్‌పీ ఇంతగా పాకడానికి పెద్ద కారణం ఈ జట్టే. చవక సర్వర్‌లో కూడా ఇవన్నీ ఉచితంగా దొరికేవి.

ఇన్‌స్టాల్ చేయడమంటే ఈ నాలుగింటినీ ఒకదానికొకటి పరిచయం చేసి, ఎవరికి ఎంత అధికారమో తేల్చడం. ఫైళ్ళు కాపీ చేయడం అందులో చిన్న భాగం. కొత్తవారికి ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు ఈ అధికారాల పంపకం దగ్గరే వస్తాయి.

ముందు సర్వర్ కావాలి. ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే సరిపోదా అన్న ఆలోచన సహజమే. అయితే మన ఇళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు చాలాచోట్ల ఒకే పబ్లిక్ ఐపీ చిరునామాను ఎంతోమంది వినియోగదారులకు పంచుతాయి. బయటివారు ఆ చిరునామాకు వచ్చినా మన కంప్యూటర్ దాకా చేరలేరు. అందువల్ల నెల అద్దెకు ఒక వర్చువల్ సర్వర్ తీసుకోవడమే తేలిక. ఒక సంఘం వికీకి రెండు జీబీ మెమరీ ఉన్న చిన్న సర్వర్ చాలు. దానితోపాటు డొమైన్ పేరు కొని, ఆ పేరు సర్వర్ ఐపీ చిరునామాను చూపేలా డీఎన్ఎస్‌లో ‘ఏ రికార్డు’ రాయాలి. ఈ పని ముందే చేయడం మంచిది. రికార్డు అన్నిచోట్లా అందడానికి కొంత సమయం పడుతుంది.

తరువాత వెర్షన్ల పొంతన చూడాలి. పీహెచ్‌పీ ప్రపంచంలో ఇది చిన్న విషయం కాదు. 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7.0, డేటాబేసుతో మాట్లాడే పాత ఫంక్షన్లను పూర్తిగా తీసేసింది. వాటి మీద ఆధారపడిన పాత వెబ్‌సైట్లు కొత్త సర్వర్‌కు మారిన రోజే ఆగిపోయాయి. 2024 డిసెంబరులో విడుదలైన మీడియావికీ 1.43 దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షన్. దానికి పీహెచ్‌పీ కనీసం 8.1 ఉండాలి. డెబియన్ 12తో పాటే పీహెచ్‌పీ 8.2 వస్తుంది, ఉబుంటు 24.04తో 8.3 వస్తుంది. కాబట్టి ఆ రెండిటిలో దేన్ని ఎంచుకున్నా పేచీ లేదు. పీహెచ్‌పీతో పాటు కొన్ని అనుబంధాలు కూడా వేయాలి. తెలుగు వికీకి వాటిలో ఎంబీస్ట్రింగ్, ఇంటిల్ ముఖ్యమైనవి. ఒకటి కంటే ఎక్కువ బైట్లు పట్టే లిపులను సరిగ్గా లెక్కించి, కత్తిరించి, సరిపోల్చేవి అవే.

డేటాబేసు దగ్గర కొత్తవారు ఒక చిక్కులో పడతారు. డెబియన్, ఉబుంటులలో మరియా డీబీ ‘రూట్’ ఖాతా పాస్‌వర్డుతో తెరుచుకోదు. లైనక్స్‌లో రూట్‌గా ఉన్నవారినే లోపలికి రానిస్తుంది. మీడియావికీకి రూట్ వివరాలిస్తే తిరస్కారమే ఎదురవుతుంది. నిజానికి ఆ తిరస్కారం మంచిదే. వికీ కోసం ఒక ఖాళీ డేటాబేసు సృష్టించి, దాని మీద మాత్రమే హక్కులున్న కొత్త ఖాతాను తెరవాలి. రేపు వికీలో ఏదైనా లోపం బయటపడి ఎవరైనా చొరబడినా, అదే సర్వర్‌లోని మిగతా డేటాబేసులను వారు తాకలేరు.

మీడియావికీ ప్యాకేజీని అధికారిక విడుదలల చోటు నుంచే దించుకోవాలి. దానితో పాటు డిజిటల్ సంతకం కూడా దొరుకుతుంది, సరిచూసుకోవచ్చు. విప్పిన ఫోల్డరును అపాచీ చదివే చోట పెట్టాక అసలు ప్రశ్న వస్తుంది: ఆ ఫైళ్ళు ఎవరివి?

లైనక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక యజమాని, ఒక గుంపు ఉంటాయి. యజమాని, గుంపు, మిగతావారు అన్న మూడు వర్గాలకూ చదవడం, రాయడం, నడపడం అన్న హక్కులు విడివిడిగా ఇస్తారు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 అని అంకెలు. కూడితే 7. అపాచీ కూడా ఒక మామూలు వాడుకరి పేరు మీదే నడుస్తుంది. అందువల్ల దానికి హక్కు లేని ఫోల్డరులో అది రాయబోతే ‘అనుమతి లేదు’ అన్న సమాధానమే వస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని ఫోల్డరు మొత్తానికి 777, అంటే మూడు వర్గాలకూ అన్ని హక్కులూ, ఇచ్చేయడం. వెంటనే అంతా పనిచేస్తుంది కూడా. కానీ అది తాళం తిప్పడం కష్టంగా ఉందని తలుపులే ఊడబీకడం లాంటిది. సర్వర్‌లో ఏ ప్రోగ్రామైనా, ఏ ఖాతా అయినా ఆ కోడును మార్చగలుగుతుంది.

సరైన ఏర్పాటు కష్టమేమీ కాదు. కోడు మొత్తం రూట్ యాజమాన్యంలో ఉండాలి. ఫోల్డర్లకు 755, ఫైళ్ళకు 644 సరిపోతాయి. అపాచీ వాటిని చదవగలదు కానీ మార్చలేదు. వాడుకరులు ఎక్కించే బొమ్మలు చేరే ఒక్క ఫోల్డరులో మాత్రం దానికి రాసే హక్కు ఇవ్వాలి. ఆ ఫోల్డరులో పీహెచ్‌పీ నడవకుండా అపాచీ అమరికల్లో ఆపేయాలి. లేకపోతే బొమ్మ ముసుగులో ప్రోగ్రామును ఎక్కించి నడిపించే దారి తెరుచుకుంటుంది. రెడ్ హ్యాట్ కుటుంబానికి చెందిన లైనక్స్‌లలో ఎస్‌ఈలైనక్స్ అనే మరో కాపలా ఉంటుంది. అంకెలన్నీ సరిగ్గా ఉన్నా అక్కడ రాయడం కుదరకపోతే, కారణం చాలాసార్లు అదే.

ఇక బ్రౌజరులో వికీ చిరునామా తెరిస్తే ఇన్‌స్టాలర్ కనిపిస్తుంది. భాష అడుగుతుంది, సర్వర్‌లో ఏమేం ఉన్నాయో తనిఖీ చేస్తుంది, డేటాబేసు వివరాలు, వికీ పేరు, నిర్వాహకుల ఖాతా అడుగుతుంది. ఇక్కడ వికీ భాషగా తెలుగును ఎంచుకుంటే చాలు. వాడుకరి, చర్చ, మూస, వర్గం, దస్త్రం వంటి పేరుబరులతో (పేజీ రకాల పేర్లతో) సహా అంతా తెలుగులోనే వస్తుంది. ఆ అనువాదాలన్నీ ట్రాన్స్‌లేట్‌వికీ అనే చోట తెలుగు స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ళ తరబడి చేసి పెట్టినవి. తెలుగు టైపు చేసే సదుపాయం మాత్రం విడిగా ఒక పొడిగింతగా చేర్చుకోవాలి.

తెలుగుకు సంబంధించి ఒక పరిమితి కూడా ఉంది. మీడియావికీలో పేజీ శీర్షిక 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి. అంటే శీర్షికకు 85 సంకేతాలే హద్దు. ఒత్తులు, గుణింతాలు, పొల్లు కూడా విడిగా సంకేతాలు తీసుకుంటాయి. ‘క్ష’ అన్న ఒక్క అక్షరానికే మూడు సంకేతాలు, తొమ్మిది బైట్లు ఖర్చవుతాయి. మామూలు శీర్షికలకు ఇబ్బంది రాదు కానీ, పాత పుస్తకాల పొడవైన పేర్లను పూర్తిగా పెట్టబోయేవారు ఇక్కడ ఆగిపోతారు.

ఇన్‌స్టాలర్ చివరన ఒక అమరికల ఫైలును తయారుచేసి చేతిలో పెడుతుంది. దాన్ని సర్వర్‌లో మనమే ఎక్కించాలి. ఇంత చేసిన ప్రోగ్రాము ఆ ఒక్క ఫైలును తానే రాసుకోదేం అని చిరాకు కలగవచ్చు. కోడు ఉన్న ఫోల్డరులో వెబ్ సర్వర్‌కు రాసే హక్కు ఉండకూడదన్న నియమానికి ఈ పద్ధతి సరిగ్గా అతుకుతుంది. ఆ ఫైలులో డేటాబేసు పాస్‌వర్డు మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. అందుకని దాన్ని అపాచీ గుంపు తప్ప మరెవరూ చదవకుండా 640 హక్కులు ఇవ్వాలి.

వికీ తెరుచుకున్నాక మిగిలేవి రెండు మూడు తలుపులు. సర్వర్ ఫైర్‌వాల్‌లో 22, 80, 443 పోర్టులు తప్ప మిగతావి మూసేయాలి. డేటాబేసు వినే 3306ను బయటికి తెరవాల్సిన అవసరమే లేదు. హెచ్‌టీటీపీఎస్ కోసం లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ధ్రువపత్రాలను ఉచితంగా ఇస్తుంది. వాటి గడువు తక్కువ కాబట్టి, సెర్ట్‌బాట్ వంటి ప్రోగ్రాము వాటిని దానంతటదే పునరుద్ధరించేలా ఏర్పాటు చేయాలి. వికీ అంటే ఎవరైనా రాయవచ్చన్న ఆదర్శం ఉన్నా, చిన్న వికీల్లో అనామక రచనను మూసేయడమే మేలు. తెరిచి ఉంచితే కొద్ది వారాల్లోనే మందుల ప్రకటనలు, జూదం లింకులతో నిండిపోతుంది. శుభ్రం చేసేందుకు తెలుగు వికీపీడియాలో ఉన్నట్టు ఇక్కడ నిర్వాహకుల బృందం ఉండదు. అమరికల ఫైలులో ఒక్క వరుసతో ఈ పని అయిపోతుంది.

ఏదైనా తేడా వస్తే లక్షణాన్ని బట్టి చోటు చెప్పవచ్చు. పేజీ బదులు కోడే కనిపించినా, ఫైలు డౌన్‌లోడ్ అయినా, అపాచీకి పీహెచ్‌పీ పరిచయం కాలేదన్నమాట. తెల్లని ఖాళీ పేజీ వస్తే పీహెచ్‌పీ మధ్యలో ఆగిపోయింది. కారణం బ్రౌజరులో కాదు, అపాచీ లాగ్ ఫైలు చివరి వరుసల్లో ఉంటుంది. పెద్ద ఫొటో ఎక్కకపోతే పీహెచ్‌పీ పరిమితి చూడాలి. ఒక ఫైలుకు అది మొదట ఒప్పుకునేది రెండు ఎంబీ మాత్రమే. దాన్ని మార్చినా ఫలితం లేదంటే మార్చింది వేరే ఫైలునన్నమాట. డెబియన్‌లో అపాచీకి ఒకటి, కమాండ్ లైనుకు మరొకటి పీహెచ్‌పీ అమరికల ఫైళ్ళు ఉంటాయి.

ఇంతవరకు పని ఒక మధ్యాహ్నంలో ముగుస్తుంది. తరువాతి పనికి ముగింపు లేదు. భద్రతా సవరణలు వచ్చినప్పుడల్లా లైనక్స్‌నూ మీడియావికీనీ నవీకరించాలి. కొత్త వెర్షన్‌ను విడి ఫోల్డరులో విప్పి, పాత అమరికల ఫైలు, బొమ్మలు, పొడిగింతలు అందులోకి తెచ్చి, డేటాబేసును నవీకరించే స్క్రిప్టు నడపాలి. మరీ పాత వెర్షన్ నుంచి ఒక్క గెంతులో రావడం కుదరదు, మధ్య వెర్షన్ల మీదుగా రావాలి. బ్యాకప్‌లో డేటాబేసు, బొమ్మల ఫోల్డరు, అమరికల ఫైలు మూడూ ఉండాలి. వాటిలో ఏది లేకపోయినా వికీ పూర్తిగా తిరిగి లేవదు. ఆ బ్యాకప్ అదే సర్వర్‌లో ఉంటే సర్వర్‌తోనే పోతుంది. వేరేచోట దాచి, అప్పుడప్పుడు మరో కంప్యూటర్‌లో తెరిచి చూసుకోవాలి.

నెలకు కొన్ని గంటలు దీనికి కేటాయించే మనిషి ఉన్న సంఘానికి సొంత వికీ మంచి ఎంపిక. అలాంటి మనిషి లేనప్పుడు, కాపీరైటు తీరిన పుస్తకాలను తెలుగు వికీసోర్స్‌లోనూ, స్వేచ్ఛా లైసెన్సుతో ఇవ్వదలచిన ఫొటోలను వికీమీడియా కామన్స్‌లోనూ చేర్చడమే ఉత్తమం.