రంగు చెప్పవలసిన నిజము

ఆర్మూరు నుండి మెట్‌పల్లికి పోవు దారిలోనున్న కమ్మర్‌పల్లి పసుపునకు పేరుపడిన ఊరు. పసుపు పరిశోధన కేంద్రము కూడ అక్కడ కలదు. పసుపు ఏ రంగులో ఉండునని అక్కడి రైతును అడిగినచో ఒక్క మాటలో చెప్పలేడు. తవ్వి తీసిన పచ్చికొమ్మును విరిచిన లోపల నారింజ వన్నె; ఉడికించి ఎండబెట్టిన కొమ్ముకు పైన మట్టిరంగు; మెరుగు పెట్టిన పిమ్మట ఒక ఛాయ, దంచిన పొడికి మరొక ఛాయ. పసుపులో ముంచిన గుడ్డ నాలుగెండలకు వెలిసిపోవును. వీనిలో అసలు పసుపు ఏది? అన్నియు అసలే. ఏ దశలో, ఏ వెలుతురులో చూచుచున్నామో ముందు చెప్పుకొనవలెను.

యుద్ధవాహనముల చిన్న నమూనాలకు రంగు వేయువారికి ఎదురగు ప్రశ్నయు ఇదియే. పైకి పిల్లల ఆటగా కనిపించు ఈ పనిలో చరిత్ర, భౌతికశాస్త్రము, భూగోళము మూడును కలిసియున్నవి.

ఉదాహరణకు దూరము పోనక్కరలేదు. నేటి సంగారెడ్డి జిల్లాలోని ఎద్దుమైలారమున మెదక్ ఆయుధ కర్మాగారము 1984లో వెలసినది. సోవియట్ దేశపు బీఎంపీ-2 నమూనాననుసరించిన ‘సారథ్’ అను పోరాట వాహనము అక్కడ తయారైనది. దానిని నడుపువారు ముగ్గురు, లోపల కూర్చుండు సైనికులు ఏడుగురు. పొడవు సుమారు 6.7 మీటర్లు. అందులో 35వ వంతు నమూనా చేసినచో 19 సెంటీమీటర్లు వచ్చును. విద్యార్థి బల్లపై చక్కగా పట్టును.

ఒక విద్యార్థి అట్టతో ఈ నమూనాను చేసి, సైన్యము వాడు ముదురాకుపచ్చ రంగునే తెచ్చి పూసినాడనుకొందము. రంగు అసలుదే, కాని బల్లపైనున్న బండి నల్లని ముద్దవలె కనిపించును. కారణము వెలుతురు. మధ్యాహ్నపు ఎండలో వెలుతురు సుమారు లక్ష లక్సులు. దీపము వెలిగించిన గదిలో కొన్ని వందలు మాత్రమే. ఎండలో తేటగా కనిపించిన పచ్చదనము గదిలో చీకటిగా మారును. అదియుగాక, 35వ వంతు నమూనాను ఒక మీటరు దూరమునుండి చూచుట అసలు వాహనమును 35 మీటర్ల నుండి చూచుట వంటిది. దూరపు గుట్టలు పాలిపోయి కనిపించుట మన మెరిగినదే. అందువల్ల నమూనా ఎంత చిన్నదైన అంతగా రంగును తేలిక చేయవలెనని అనేకుల మతము. అంత తక్కువ దూరమున గాలి రంగును మార్చదని మరికొందరి ఆక్షేపణ. గదిలోని మసక వెలుతురును మాత్రము ఎవరును కాదనలేరు. తేలిక చేయుటకు తెల్లరంగే కలిపినచో సున్నము కొట్టినట్లగును. లేత ఇసుక వన్నె కలిపిన పచ్చదనము చెడదు. పిదప అంచులకు మరికొంత లేత రంగు, సందులలో పలుచని ముదురు రంగు వేసినచో ఆకారము తేలును.

ఇది కన్నును ఒప్పించు సంగతి. చరిత్రను ఒప్పించుట ఇంకను కష్టము. సైన్యపు రంగునకు మూలము నేల. ‘ఖాకీ’ అను మాట ‘ఖాక్’ అనగా మట్టి నుండి పుట్టినది. కనుక వాహనము ఏ దేశమున, ఏ యేట, ఏ మట్టిపై నడిచినదో తెలియనిదే కుంచె ముంచరాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున జర్మను టాంకులు మొదట ముదురు బూడిద రంగులో ఉండెను. 1943 ఫిబ్రవరి నుండి ముదురు పసుపు వన్నె మూలరంగైనది. 1942 నాటి రణరంగమున ఆ ముదురు పసుపు వన్నె టాంకును నిలిపినచో చూచువానికి అబద్ధము చెప్పినట్లే.

పాత ఛాయాచిత్రములను నమ్ముటయు ప్రమాదమే. ఆనాటి కొన్ని ఫిలుములకు ఎరుపు సోకదు. ఎర్రనిది నల్లగాను, నీలము తెల్లగాను పడును. 1940–41లో ఉత్తరాఫ్రికా ఎడారిలో బ్రిటిషు టాంకులకు ఏటవాలు గీతలతో మూడు రంగులు వేసిరి. అందొకటి లేత నీలమని తరువాతివారు తలచిరి. మ్యూజియములో నిలిపిన ఒక టాంకునకు ఆ నీలమే పూయగా, దానిని చూచి నమూనాలు చేయువారు దశాబ్దముల పాటు అదే వేసిరి. పాత ఉత్తరువులను పరిశీలించిన పిమ్మట అది వెండిబూడిద రంగని తేలినది. తప్పు ఒక్క చోట పుట్టినది. నకలు తీసినవారందరి చేతను పెరిగినది.

కమ్మర్‌పల్లి నుండి గోదావరి దాటిన నిర్మల్ వచ్చును. అక్కడి నకాశీ కళాకారులు పొనికి కర్రతో పండ్లు, పక్షులు చెక్కి రంగులద్దుదురు. ఆ పండు చెట్టు మీది పండు కంటె ఎర్రగా నున్నను ఎవరును తప్పుపట్టరు. ఆ రంగు కన్నుల పండువకే పుట్టినది. యుద్ధవాహనపు రంగు అట్టిది కాదు. లోపలి పదిమంది శత్రువు కంట పడకుండ బ్రతికి తిరిగిరావలెనని దానిని పూయుదురు. అందుచే ఆ విద్యార్థి డబ్బా మూత తీయుటకు ముందే కాగితముపై ఈ మూడు ప్రశ్నలు వ్రాసికొనవలెను: ఈ బండి ఏ యేటిది? ఏ నేలపై నిలిచినది? లోపల ఎవరుండిరి? జవాబులు దొరికిన పిమ్మట ఏ రంగు కలుపవలెనో అతనికే తెలియును.