మసక బజారులో గడియారము

చీకటిబజారు అను మాట రేషను దినములనుండి మన కెరుకయే. ఖరీదైన గడియారముల వర్తకమున దానికిని, పెద్దవీధిలోని వెలుగు దుకాణమునకును నడుమ వేరొక బజారు కలదు. ఆంగ్లమున దానిని గ్రే మార్కెట్టు అందురు; మనము మసక బజారు అనవచ్చును. అచ్చట అమ్మునది దొంగసొత్తు కాదు. స్విట్జర్లండులో తయారైన అసలు గడియారమే. కాని కంపెనీ నియమించిన డీలరు చేతిమీదుగా గాక, వేరు త్రోవను వచ్చి కొనువానికి చేరును.

ఈ త్రోవ ఏర్పడుటకు కారణము సులభముగా బోధపడును. ఒకే గడియారమునకు దేశమున కొక ధర, దేశమున కొక పన్ను. నాణెముల మారకపు రేట్లు నిత్యము మారుచుండును. ఒక డీలరువద్ద సరకు నిలిచిపోయినచో, అతడు దానిని టోకున వేరొక వర్తకునకు వదలించుకొనును. ఆ వర్తకుడు ధర హెచ్చుగా నున్న దేశమునకు దానిని తరలించి, తగ్గించి అమ్మును.

కంపెనీలు దీనిని సహింపలేదు. ఒమేగా కంపెనీ కథ ఇందుకు తార్కాణము. అమెరికాలో 1,995 డాలర్లకు అమ్మవలెనని ఆ కంపెనీ సూచించిన సీమాస్టరు గడియారమును కాస్ట్‌కో అను పెద్ద దుకాణము 1,299 డాలర్లకే అమ్మినది. ఒమేగా తన గడియారముల వెనుకమూతపై చిన్న భూగోళము బొమ్మ చెక్కించి, దానికి కాపీరైటు పొంది, ఆ బొమ్మ తమ యనుమతి లేక దేశములోనికి వచ్చినదని వ్యాజ్యము వేసినది. 2010లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు నలుగురుగా చీలిపోగా, ఒమేగాకు అనుకూలమైన క్రింది కోర్టు తీర్పే నిలిచినది. 2013లో ఆ కోర్టు ముందుకు పుస్తకముల వ్యాజ్యమొకటి వచ్చినది. థాయిలాండునుండి చదువుకొన వచ్చిన విద్యార్థి, స్వదేశమున చౌకగా కొనిపించిన పాఠ్యపుస్తకములను అమెరికాలో అమ్మెను. న్యాయముగా అచ్చయిన ప్రతిని కొన్నవాడు, అది ఏ దేశమున అచ్చయినను, తిరిగి అమ్ముకొనవచ్చునని కోర్టు చెప్పినది. దరిమిలా 2015లో ఒమేగా వ్యాజ్యమున కాస్ట్‌కోయే గెలిచినది.

అయితే ఆ తీర్పు కాపాడినది అమ్మువాని హక్కును. కొనువాని భద్రతను కాదు. డీలరువద్ద హెచ్చుగా చెల్లించు సొమ్మునకు ప్రతిఫలము పూచీ. రోలెక్స్ కంపెనీ 2015నుండి ఐదేండ్ల పూచీ నిచ్చుచున్నది. కీ ఇచ్చిన బలముతో నడచు గడియారము సున్నితమైన యంత్రము. కొన్నేండ్ల కొకమారు విప్పి, శుభ్రపరచి, నూనె వేయవలెను. అది చిన్న ఖర్చు కాదు. మసక బజారు వర్తకుడును పూచీ వ్రాసి యిచ్చును. కాని దాని ఆయువు అతని దుకాణపు ఆయువే. అసలు సరకు నడుమ నకిలీ చొరబడు భయమును అచ్చటనే హెచ్చు.

మరియొక విచిత్రము కలదు. గిరాకీ మిక్కిలిగా నున్న రకముల విషయమున ధరలు తలక్రిందులగును. పటేక్ ఫిలిప్ వారు నాటిలస్ 5711 రకపు ఉక్కు గడియారమును 2021లో నిలిపివేసిరి. డీలరు ధర సుమారు 35 వేల డాలర్లు. వెలుపల అది లక్ష దాటినది. డీలరువద్దనో వరుసలో వేచియుండవలెను. కోరినది దొరకుటకు ముందు కోరనివి కొనవలసి వచ్చుచున్నదని కొందరు వాపోవుదురు. కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ అందురు. ఇచ్చట కొసరు అడుగువాడు అంగడివాడే! ఆగలేక వెలుపల మహా ప్రియముగా కొన్నవారు, 2022లో ధరలు దిగుట ఆరంభింపగా నష్టపోయిరి.

కనుక డీలరు ధరకంటె తక్కువకు దొరకినప్పుడు, ఆ తగ్గింపు రాబోవు మరమ్మతు ఖర్చుకు చాలునా యని లెక్కచూచి, వర్తకుని మంచిచెడ్డలు విచారించి కొనుట తప్పుకాదు. ఆ ధరకు మించి చెల్లించువాడు మాత్రము తన తొందరకే వెల యిచ్చుచున్నాడు. జీవితమున ఒక్క మంచి గడియారము కొని బిడ్డకు అందింపగోరు వానికి డీలరు రశీదే మేలు. ఎచ్చట కొన్నను, సొమ్ము చెల్లింపకమునుపే అడుగవలసిన ప్రశ్న ఒక్కటి: రేపు ఇది ఆగిపోయినచో ఎవరి గడప ఎక్కవలెను?