గోడ దిగిన ఇటుక

పెరటి బాటకు పైన పరిచింది పేవర్ బ్లాకైనా కడప బండైనా, నాలుగు వానలకు కుంగకుండా ఉండాలంటే కింద గట్టి పరుపు కావాలి. ఆ పరుపు కంకరతోనే వేయాలన్న నియమం లేదు. విప్పిన ఇంటి ఇటుక చాలు. ఎన్టీఆర్ జిల్లా తిరువూరులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ పాత పెంకుటిళ్లు ఒక్కొక్కటే దిగిపోయి స్లాబు ఇళ్లు లేస్తున్నాయి. దూలాలకు, గుమ్మాలకు, పెంకులకు కొనేవాళ్లుంటారు. నిండు ఇటుకలకూ ఉంటారు. సగం ఇటుకలు, ముక్కలు, సున్నపు పెళ్లలు మాత్రం అన్నీ కలిసి ‘రబ్బీసు’ అయిపోయి, ట్రాక్టరెక్కి ఏ గుంట పూడ్చడానికో వెళ్తాయి. ఇల్లు పూర్తయ్యాక వాకిట్లో పేవర్లు వేయడానికి అదే గేటులోంచి గ్రావెల్ ట్రాక్టరు లోపలికొస్తుంది. పోయిన సరుకు చేయగల పనికే కొత్త సరుకు కొనుక్కొస్తున్నారు.

బరువు గురించి బెంగ అక్కర్లేదు. కాల్చిన ఇటుకకు భారతీయ ప్రమాణం ఐఎస్ 1077. అందులో అన్నిటికన్నా తక్కువ తరగతి 3.5. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 35 కిలోల ఒత్తిడిని ఓర్చుకోగల ఇటుక. తులసికోట దాకా నడిచే మనుషులు, పూలకుండీలు, ఎరువు తోసుకెళ్లే బండి దానికి లెక్కలోవి కావు. కారు ఎక్కే పోర్టికో సంగతి వేరు, అక్కడ రాతి కంకరే వేయాలి.

చలి దేశాల తోటపని పుస్తకాలు పాత ఇటుకను నేలలో వాడేటప్పుడు జాగ్రత్త అంటాయి. పీల్చుకున్న నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బి ఇటుకను లోపలి నుంచి పగలగొడుతుంది. తిరువూరులో నీరు గడ్డకట్టే రాత్రి రాదు కాబట్టి ఆ భయం ఇక్కడికి తెచ్చుకోనక్కర్లేదు. ఇక్కడి ఇటుకకున్న గండాలు వేరు: సరిగా కాలకపోవడం, ఉప్పు పట్టడం. రెండింటినీ ఇంట్లోనే పరీక్షించి తెలుసుకోవచ్చు.

ఒక బకెట్టు, ఒక త్రాసు

ఐఎస్ 3495 అనే మరో ప్రమాణం ఇటుకను పరీక్షించే పద్ధతులు చెబుతుంది. అందులో రెండో భాగం నీటి పీల్పు గురించి. ఇటుకను 105 నుంచి 115 డిగ్రీల వేడిలో బరువు మారకుండా నిలిచేదాకా ఆరబెట్టి, చల్లార్చి తూయాలి. 24 గంటలు నీళ్లలో ముంచి, తీసి, పైతడి తుడిచి వెంటనే మళ్లీ తూయాలి. పెరిగిన బరువు 12.5 తరగతి వరకు ఉన్న ఇటుకల్లో 20 శాతం, ఆ పైతరగతుల్లో 15 శాతం దాటకూడదని ఐఎస్ 1077 నియమం.

సిమెంటు కంపెనీ ప్రయోగశాల కోసం రాసినట్టుండే ఈ వాక్యాలు నిజానికి కిరాణా కొట్టు త్రాసుతో జరిగిపోయే పని. ఎండిన ఇటుక 3 కిలోలుంటే తడిశాక 3 కిలోల 600 గ్రాములు దాటకూడదు, అంతే. ఓవెన్ బదులు ఏప్రిల్, మే ఎండలో నాలుగైదు రోజులు ఆరబెడితే పనికొస్తుంది. ఎండ ఎంత కాసినా లోపల కాస్త తేమ మిగులుతుంది కాబట్టి ఇంటి పరీక్షలో పీల్పు అసలుకన్నా కొంచెం తక్కువ తేలుతుంది. అందువల్ల 20 శాతానికి అంచున నిలిచిన ఇటుకను పక్కన పెట్టడమే మేలు.

త్రాసు చెప్పేదానికన్నా బకెట్టు చెప్పేది ఎక్కువ. మర్నాటికి నీళ్లు తేటగా ఉండి, ఇటుక అంచులు పదునుగా ఉంటే అది బాగా కాలింది. నీళ్లు ఎర్రబడి, అడుగున మెత్తటి మట్టి పేరుకుని, వేలితో రుద్దితే అంచు రాలుతుంటే అది పచ్చి ఇటుక. చూడ్డానికి ఇటుకలాగే ఉన్నా అది ఇంకా మట్టే. బంకమట్టి తన అణువుల్లో పట్టి ఉంచుకున్న నీటిని 500, 600 డిగ్రీల వేడిలో గానీ వదిలిపెట్టదు. ఆ హద్దు దాటాక మళ్లీ తడిపినా మట్టిగా మారదు. గట్టి ఇటుకకు 900 డిగ్రీలు, ఆ పైన కావాలి. పల్లెటూరి ఆవంలో నిప్పు అన్ని వైపులా ఒకేలా అందదు. నడుమ ఉన్నవి ఎర్రగా కాలుతాయి, పొయ్యి దగ్గరివి నల్లబడి వంకరపోతాయి, బయటి వరసలు సగం పచ్చిగానే మిగులుతాయి.

పాత మేస్త్రీలకు ఇది తెలుసు. గట్టివి పునాదికీ బయటి గోడకూ వాడి, మెత్తవి లోపలి అడ్డుగోడలకు పంపేవారు. చూరు నీడన, సున్నపు పూత వెనక, తడి తగలని చోట ఆ మెత్తవి కూడా గోడతో పాటు దశాబ్దాలు నిలిచాయి. కాబట్టి ‘అరవై ఏళ్లు నిలిచిన గోడ కదా’ అన్న మాటను నమ్మి ఇటుకను నేలలో పెట్టకూడదు. గోడలో అది పొడిగా ఉంది, బాట కింద ఏటా మూడు నెలలు తడిలో ఉంటుంది. పరీక్షకు ఒకే కుప్పలోంచి కాక, బయటి గోడ అడుగు నుంచి రెండు, పైవరసల నుంచి రెండు, లోపలి గోడ నుంచి రెండు చొప్పున తీయాలి. బకెట్టు దాకా వెళ్లే ముందు రెండిటిని ఒకదానితో ఒకటి కొట్టి చూస్తే సగం సంగతి తెలుస్తుంది. కాలింది ఖంగుమంటుంది, పచ్చిది మొద్దుగా మోగుతుంది.

ఉప్పు పరీక్ష అదే ప్రమాణంలో మూడో భాగం. పళ్లెంలో 25 మిల్లీమీటర్ల నీళ్లు పోసి ఇటుకను నిలువునా పెట్టాలి. నీరంతా పీల్చుకుని ఆరాక, ఇంకోసారి నీళ్లు పోసి ఆరనివ్వాలి. తెల్లటి పొర ఇటుక పైభాగంలో పదో వంతు లోపు ఉంటే స్వల్పం, సగం వరకు వస్తే మధ్యరకం. పొర సగం దాటినా, ఇటుక పైచర్మం పొడిగా రాలినా దాన్ని వాడకూడదు. గొడ్ల చావిడి గోడలు, మరుగుదొడ్డి గోడలు, నేలకు ఆనిన అడుగు వరసలు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతాయి. ఏళ్ల తరబడి మూత్రం ఇంకిన ఇటుకలో లవణాలు నిండి ఉంటాయి. అలాంటిది బాట కింద పెడితే, వేసవిలో తేమ పైకి వచ్చినప్పుడల్లా పేవర్ల సందుల్లో తెల్లగా పూస్తుంది.

సున్నం చేసిన మేలు

ఇటుకకు ఏ అడుసు అంటుకుని ఉందన్నది శుభ్రం చేసే శ్రమను నిర్ణయిస్తుంది. మట్టితో కట్టిన గోడ ఒక్క దెబ్బకు విడిపోతుంది. గానుగ సున్నంతో కట్టింది ఉలి మొనకు పెచ్చుగా లేచి ఇటుకను చెక్కుచెదరకుండా వదిలేస్తుంది. సిమెంటు అలా కాదు. అది ఇటుకకన్నా గట్టిది కాబట్టి, విడదీయబోతే పగిలేది ఇటుకే. పాత సున్నపు పని మీద గౌరవం కలగడానికి ఈ ఒక్క కారణం చాలు: ఆ గోడ కట్టినవాళ్లు తెలిసి చేసినా తెలియక చేసినా, విప్పుకోవడానికి వీలుగా కట్టారు. సిమెంటు అంటిన ఇటుకలను విడదీసే కష్టం వద్దు. వాటిని అలాగే చితక్కొట్టి జల్లి చేయాలి. జిప్సం పూత, పీఓపీ పెళ్లలు మాత్రం ఏరి పారేయాలి. వాటిలోని సల్ఫేటు తడిస్తే సిమెంటును తినేస్తుంది. చెక్క ముక్క ఒక్కటి కలిసినా చెదలకు దారి దొరుకుతుంది.

పాత కట్టడాల ఇటుకను వేరే పనికి తరలించడం కొత్తది కాదు. సుమారు నాలుగున్నర వేల ఏళ్ల నాటి హరప్పా ఇటుకలను పందొమ్మిదో శతాబ్దం మధ్యలో లాహోర్–ముల్తాన్ రైలు మార్గం కింద దాదాపు 160 కిలోమీటర్ల మేర పోశారు. అమరావతి స్తూపం ఇటుకా పలకలూ పద్దెనిమిదో శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన ఊరికి తరలాయి. భట్టిప్రోలు స్తూపాన్ని అలెగ్జాండర్ రియా 1892లో తవ్వేనాటికే దాని సామగ్రి రోడ్లకు, కాలువ పనులకు పోయింది. అక్కడి ఇటుక 45 × 30 × 8 సెంటీమీటర్లు, నేటి ఇటుకలు అరడజనుకు సమానం. అప్పుడు పోయింది చరిత్ర, ఇప్పుడు గుంటల్లోకి పోతున్నది పనికొచ్చే సరుకు.

లెక్క

మీటరు వెడల్పు, పది మీటర్ల పొడవు బాట అంటే 10 చదరపు మీటర్లు. 230 × 110 × 70 మిల్లీమీటర్ల ఇటుకను సన్నని సందులతో బల్లపరుపుగా పరిస్తే చదరపు మీటరుకు 35, మొత్తం 350. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు, తొమ్మిది అంగుళాల మందం ఉన్న ఒక్క గోడలో ఇలాంటివి 900 పైగా ఉంటాయి. మూడో వంతు విరిగిపోయినా బాటకు చాలినన్ని మిగులుతాయి, విరిగినవి సందుల్లోకి పనికొస్తాయి. ఇల్లంతా అక్కర్లేదు.

కింద ఏ నేల ఉంది

ఎర్ర నేల అయితే అదృష్టం. పై మట్టి తీసి, తడిపి దిమ్మిసతో కొడితే చాలు. నల్లరేగడి అయితే ఇటుక ఎంత మంచిదైనా సరిపోదు. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే ఆ నేల పైనున్న దేన్నయినా ఎత్తి దించుతుంది. అక్కడ కింద చెప్పబోయే తవ్వకం కన్నా మరో 15 సెంటీమీటర్లు లోతుగా తవ్వి, ఎర్ర గ్రావెల్ నింపి, రెండు విడతలుగా కొట్టి, దాని మీదే ఇటుక వేయాలి. వాన నీరు బాట కింద నిలవకుండా పక్కకు పోయే దారి చూడటం ఇటుక నాణ్యత కన్నా ముఖ్యం.

పరవడం

10 సెంటీమీటర్ల ఇటుక జల్లి, 3 సెంటీమీటర్ల ఇసుక, 6 సెంటీమీటర్ల పేవర్: మొత్తం 19. బాట నేలకన్నా ఒక సెంటీమీటరు ఎత్తుగా ఉండాలి కాబట్టి తవ్వకం 18 సెంటీమీటర్లు. పేవర్ల ప్రమాణం ఐఎస్ 15658 ప్రకారం వాహనాలు తిరగని చోట 50 మిల్లీమీటర్ల మందమైనా సరిపోతుంది. తవ్వకం అడుగునే మీటరు వెడల్పుకు 2 సెంటీమీటర్ల వాలు ఇచ్చి, దారం కట్టి, రసమట్టంతో చూసుకోవాలి. పైపొరలో వాలు దిద్దుదామంటే ఇసుక ఒకచోట మందంగా, ఒకచోట పలచగా పడి కుంగుతుంది.

జల్లికి బదులు నిండు ఇటుకలు, సగాలు ఉంటే వాటి మందం 7 సెంటీమీటర్లే కాబట్టి తవ్వకం ఆ మేరకు తగ్గించి, ఇటుక మీద అచ్చు గుంట ఉన్న వైపు కిందికి పెట్టి, సందులు ఒకే వరుసలో రాకుండా పరవాలి. ఆ గుంటలో బట్టీ యజమాని పొడి అక్షరాలు కనిపిస్తే, ఒకటి రెండు దాచుకోదగ్గవి. ముక్కలైతే 4 సెంటీమీటర్లకు మించకుండా కొట్టి, 13 సెంటీమీటర్ల మందం పోసి, కొద్దిగా తడిపి, 10కి దిగేదాకా దిమ్మిస వేయాలి. పరిచిన ఇటుక మీద ఇనప దిమ్మిస నేరుగా వేయకుండా, పైన చెక్క పలక పెట్టి కొట్టాలి.

తర్వాతి మెట్టు దగ్గరే ఎక్కువ బాటలు పాడవుతాయి. ఇటుకల సందులు ఖాళీగా ఉండగానే ఇసుక పోస్తే, మొదటి రెండు వానలకు ఆ ఇసుక కిందికి జారి పేవర్లు గుంటలు పడతాయి. ముందు ఇటుక పొడి, చిన్న ముక్కలు సందుల్లోకి చీపురుతో నెట్టి, నీళ్లు చల్లి, దిగినచోట మళ్లీ నింపాలి. నీళ్లు చల్లినా పొడి దిగడం ఆగాక మాత్రమే ఇసుక. ఇసుక బదులు క్వారీ డస్ట్ కూడా నడుస్తుంది. అంచుల వెంట నిలువు ఇటుకలను సిమెంటుతో బిగిస్తే పేవర్లు పక్కలకు జరగవు. ఈ అంచుకు మాత్రం బకెట్టు పరీక్షలో నెగ్గిన వాటిలోనూ ఉత్తమమైనవే వాడాలి, ఎండా వానా నేరుగా తగిలేది వాటికే.

చట్టం

2016 మార్చి 29న కేంద్రం తెచ్చిన నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నియమాలు రోజుకు 20 టన్నులు లేదా నెలకు ఒక ప్రాజెక్టులో 300 టన్నులకు పైబడి వ్యర్థం వచ్చే చోట ఇటుక, అడుసులను మిగతా వ్యర్థం నుంచి వేరుగా కుప్పపోయాలన్నాయి. వీటి స్థానంలో 2025లో వచ్చిన కొత్త నియమాలు 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు నిర్దేశించినవి. 20,000 చదరపు మీటర్లు, ఆ పైన ఉన్న ప్రాజెక్టులు వాటి ప్రధాన లక్ష్యం. పెంకుటిల్లు ఈ లెక్కల్లోకి రాదు. దాని ఇటుకకు యజమానే దిక్కు.

మొదటి వానాకాలం తర్వాత

దసరా నాటికి బాట ఒకసారి నడిచి చూడాలి. ఎక్కడైనా కాలి కింద పేవర్ ఊగితే దాన్నీ చుట్టూ ఉన్న నాలుగింటినీ లేపి, ఇసుక తీసి, కింద ఇటుక కదిలిందేమో చూసి, సందు నింపి, ఇసుక వేసి మళ్లీ దించాలి. ఇటుక మెత్తబడి కనిపిస్తే ఆ ఒక్కదాన్ని తీసి కంకర వేయాలి. రెండో ఏడు సాధారణంగా ఈ పని పడదు.